ఆరో కప్పు

శుక్రవారం సంతలో
ఎండ కూడా పాతదే, వాడి వాడి అరిగినట్టుంటుంది.
అల్ రాయ్ రేకుల కింద, దుప్పట్ల మీద
ఎవరెవరి ఇళ్ళో బోర్లా పడుకుని ఉంటాయి:
మూత పోయిన కూజాలు, జత తప్పిన చెంచాలు,
ఏ పెళ్ళికో కొన్న పళ్ళేలు.

పెంచలమ్మకు నేను చెప్పిందొకటే:
కళావతి శ్రీమంతంలో
ప్లాస్టిక్ ప్లేటు కంటికి కనపడగూడదు.
"ఎనిమిది దీనార్లే ఉండాయి మే, డబ్బాలో" అంది.
"పాతవి కొందాం. పాతవాటికి పొగరుండదు,
ఏ పని చెప్పినా చేస్తాయి."
ఇల్లిల్లూ మారి పనిచేసినదాన్ని, నాకు తెలీదా.

మూతి వంగిన ఇత్తడి దల్లా దొరికింది.
కాఫీ పోస్తే కారుతుందన్నాడు జమాలు, ఉన్నమాట.
కాఫీ ఎవరికి కావాలి?
చింతపండేసి రెండు రాత్రులు తోమితే
ప్రొద్దుటూరు బంగారమై తేలింది.
దాని ముక్కులోంచి మల్లెదండ వేలాడదీశాను,
విమానమెక్కి వచ్చి, సగం వాడి,
అయినా వాసన దాచుకున్న మల్లెలు.

పిడికిట్లో దాగే ఫింజాన్లు పది.
ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కుంకుమ, ఒకదాంట్లో గంధం,
మిగతావాటిల్లో నూనె పోసి వత్తి వేస్తే
దీపాలకు బంగారు అంచు చీర కట్టినట్టయింది.
బఖూర్ కాల్చే మబ్ఖరలో సాంబ్రాణి వేశాం.
అదేమీ అనలేదు. పొగ పొగే.
పొడుగుమెడ అత్తరు బుడ్డి
మన పన్నీటి బుడ్డికి అక్కచెల్లెలు,
భాష మార్చుకుందంతే.

పెద్ద పళ్ళెం, మీద బోర్లించిన గాజు గ్లాసు,
ఆపైన చిన్న పళ్ళెం, మళ్ళీ గ్లాసు, ఇంకా చిన్న పళ్ళెం.
కొవ్వొత్తి మైనం కరిగించి అంటించాం.
కింద అత్తిరాసాలు, నడుమ సున్నుండలు,
కొనమీద ఒకే ఒక్క యెమెన్ మామిడిపండు,
దొరసానిలా.
"గాలిగోపురమే మే!" అని పెంచలమ్మ
ఊపిరి వదలడానికి పక్కకు పోయింది.

ఇదంతా తర్వాత. ఆ రోజు సంతలో
సంచులు నిండి, ఇంక పోదామనుకుంటుండగా
అట్టపెట్టెలో, అరబ్బీ పేపరు చుట్టిన
నీలిపూల కప్పులు.
కన్ను పట్టలేదు. వేలు పట్టింది.
పిడి కింద చిన్న గరుకు, పూత అందని చోటు.
పదకొండేళ్ళు రోజుకు రెండుసార్లు తడిమిన వేలు.
సల్వాలో మామా ఇంట్లో, అద్దాల బీరువాలోవి.
లెక్కపెట్టలేదు. ఐదే ఉంటాయి.
ఆరోది నా చేతిలోంచి జారింది, వచ్చిన ఏడాది రంజాన్‌లో.
ఆ నెల జీతంలోంచి మూడు దీనార్లు జారాయి.

మామా పోయిందట. పిల్లలు ఇల్లు ఖాళీ చేశారట.
ఆమె మంచిదా అంటే చెప్పలేను.
నాకు జ్వరమొచ్చినప్పుడు
ఈ కప్పులోనే అల్లం టీ తెచ్చి, పక్కన కూర్చుని తాగించి,
తాగాక కప్పు నన్నే కడగమంది.

"అర దీనారు. ఒకటి తక్కువ కదా, సెట్టు కాదు" అన్నాడు జమాలు.
బేరమాడలేదు. పెంచలమ్మ నన్ను గిల్లింది.

శ్రీమంతం రోజు
ఐదుగురు ఆడవాళ్ళు ఐదు కప్పుల్లో పాయసం తాగుతున్నారు.
గరిటె పట్టుకుని నిలబడ్డ నన్ను
గాజుల చేత్తో ఆపింది కళావతి.
"ఈ పొద్దు నువ్వు కూచో అక్కా."
"ఆరోది లేదు కదే."
నా ట్రంకుపెట్టె తెరిచి తనే వెతికి తెచ్చింది
స్టీలు గ్లాసు, అడుగున చుక్కచుక్కగా
మా అమ్మ పేరు చెక్కించినది.
నీలిపూల వరసలో, ఖాళీ ఉన్నచోట, దాన్ని పెట్టింది.

వేడి. కొంగుతో పట్టుకుని తాగాను.
కడగమని ఎవరూ అనలేదు.
నేనే లేచాను,
ఆరింటినీ కలిపి ఒకే పళ్ళెంలో పెట్టుకుని.